పాత దాగలి కొనబోతున్నారా? జేబులో ఒక బేరింగు గోళీ వేసుకుని వెళ్లండి

"అన్నా, మా పక్క ఊళ్లో ఆచారి గారి ఇంటి వెనక పాత దాగలి పడి ఉంది. ఇచ్చేస్తామంటున్నారు. తీసుకోవచ్చా?" నెలకు నలుగురైదుగురు ఇదే అడుగుతారు. దాగలి అంటే కమ్మరి కాల్చిన ఇనుమును పెట్టి సుత్తితో కొట్టే ఇనుప దిమ్మ. వాట్సాప్‌లో ఫొటో కూడా పెడతారు. ఫొటోలో తుప్పు కనబడుతుంది, పక్కన కోడిపెట్ట కనబడుతుంది, వెనక గడ్డివామి కనబడుతుంది. దాగలి మంచిదా కాదా అన్నది మాత్రం కనబడదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను.

నాది కావలి పక్కన చిన్న వెల్డింగ్ షెడ్డు. ఇప్పటిదాకా ఆరు దాగళ్లు కొన్నాను. అయిదు పనికొచ్చాయి, ఒకటి శుద్ధ దండగ. దాని కథ దారిలో చెబుతాను.

మన వైపు ఇవి ఇంకా ఎందుకు దొరుకుతున్నాయంటే, ఎడ్ల బండ్లు నడిచినన్నాళ్లు కాస్త పెద్ద ఊరైతే చాలు, కొలిమి ఉండేది. చక్రానికి ఇనప కట్టు వేయించాలన్నా, నాగలి కర్రు సాగగొట్టించాలన్నా, కొడవలికి పళ్లు పెట్టించాలన్నా అక్కడికే పోవాలి. చీమకుర్తి వైపు రాతిపని వాళ్ల ఉలులకు రోజూ మొన తీసే కొలుములు ఉండేవి. ట్రాక్టర్లొచ్చాయి, క్వారీల్లో వైరు కోత మిషన్లొచ్చాయి, కొలుములు చల్లారాయి. కొడుకులు ఒంగోలుకో చెన్నైకో ఉద్యోగాలకు వెళ్లారు. తిత్తి చిరిగిపోయింది, సుత్తులు ఎవరో పట్టుకుపోయారు. దాగలి మాత్రం కదల్లేదు, బరువు కదా.

దాన్ని కొనేవాళ్లు ఇప్పుడు వేరే రకం. వెల్డింగ్ షెడ్డు పెట్టుకున్నవాళ్లు, కత్తులు స్వయంగా చేసుకోవాలనే సరదా ఉన్న కుర్రాళ్లు, ట్రాక్టరు పనిముట్లు ఇంట్లోనే సరిచేసుకునే రైతులు. మీరు ఎవరైనా సరే, చూసే పద్ధతి ఒకటే.

వెంట తీసుకెళ్లాల్సినవి

అంగుళం సైజు బేరింగు గోళీ ఒకటి. దాన్ని దాగలి మీద పడేసి, ఎంత ఎత్తు ఎగురుతుందో చూసి గట్టిదనం తెలుసుకుంటాం. బేరింగుల కొట్టులో అడగండి, లేదా లారీ మెకానిక్ దగ్గర పాతదేదైనా దొరుకుతుంది. తుప్పు, గాట్లు లేకుండా నున్నగా ఉండాలి. ముప్పావు అంగుళమైనా ఫరవాలేదు.

అడుగు స్టీలు స్కేలు, అరకిలో సుత్తి, వైరు బ్రష్షు, 80 నంబరు ఎమరీ పేపరు, పాత గుడ్డ, చిన్న సీసాలో డీజిలు, సుద్దముక్క, కొత్త ఆకురాయి. పాత ఆకురాయి వద్దు, అది వెన్న మీద కూడా జారుతుంది.

కళ్లద్దాలు. సుత్తి పట్టుకునే ప్రతిసారీ పెట్టుకోండి.

ఒక మనిషి తోడు. బరువెత్తడానికి మాత్రమే కాదు, బేరం దగ్గర మీరు మెత్తబడితే చెయ్యి గిల్లడానికి కూడా.

1. ఫోనులో అడగాల్సినవి

వెళ్లే ముందే నాలుగు ప్రశ్నలు అడగండి. ఎంత బరువుంటుంది? ముక్కు (ఒక పక్కకు కోసుగా పొడుచుకొచ్చే భాగం) ఉన్నదా, ఉత్త దిమ్మా? చెక్క మొద్దులో దిగ్గొట్టి ఉన్నదా, బయటే ఉన్నదా? ఎప్పుడైనా దాని మీద వెల్డింగ్ చేయించారా? ఆ తర్వాత నాలుగు పక్కలా, పైనా ఫొటోలు అడగండి. వీలైతే అడుగు భాగం కూడా.

ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని మాటల్లో మాటగా అడగాలి: ఆ కొలిమి పాక ఎప్పుడైనా తగలబడిందా? మన పల్లెల్లో కొలుములు చాలావరకు తాటాకు పాకల్లో, బోద పాకల్లో ఉండేవి. ఎండాకాలం ఒక నిప్పురవ్వ చాలు. పాకతో పాటు దాగలి ఎర్రగా కాలి, దానంతట అది మెల్లగా చల్లారితే, ఉక్కును కాల్చి నీళ్లలో ముంచి తెప్పించిన గట్టిదనం పోతుంది. పైకి ఏమీ తెలియదు. ముఖం, అంటే దెబ్బలు తినే పైభాగం, మెత్తబడి ఉంటుంది, అంతే.

హెచ్చరిక: ఫోన్లో యాడ్ చూసి, మనిషిని చూడకుండా, వస్తువును చూడకుండా బయానా పంపొద్దు. "నేను ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, పార్సిల్లో పంపిస్తాను" అన్నాడంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు మీకు రావాలంటే కూడా క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నాడంటే అది మోసమే. పొరపాటున పంపేస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

2. ఏ రోజు వెళ్లాలి, ఎలా మసలాలి

ఇది పనిముట్టు సంగతి కాదు గానీ, దీన్ని వదిలేసి చాలామంది ఉత్తచేతులతో తిరిగొచ్చారు. శుక్రవారం ఇంట్లోంచి వస్తువు బయటకు పంపడానికి చాలా ఇళ్లలో ఒప్పుకోరు. శనివారం ఇనుము కొనకూడదని మీ ఇంట్లోనే అంటారు. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా ఆది, సోమవారాల్లో వెళ్తే ఏ గొడవా లేదు. దసరా ముందు అసలు వెళ్లకండి. ఆయుధ పూజకు దాగలికి పసుపు, కుంకుమ పెట్టాలి, ఆ ముందు వారంలో ఎవరూ అమ్మరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు, తుఫాన్లు. బండి పల్లెలోకి దిగితే మళ్లీ ఎక్కదు. సంక్రాంతి దాటాక వెళ్లడం మేలు.

అక్కడికి వెళ్లాక దాగలి మీద కూర్చోవద్దు, చెప్పుల కాలు పెట్టొద్దు. మనకు అది ఇనుప దిమ్మ. వాళ్లకు మూడు తరాలకు అన్నం పెట్టిన వస్తువు. కనిగిరి వైపు ఒక పల్లెలో నాతో వచ్చిన కుర్రాడు దాని మీద కాలు పెట్టి లేసు కట్టుకున్నాడు. పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు. లోపలికి వెళ్లి, "మా అబ్బాయి అమ్మొద్దంటున్నాడు నాయనా" అని బయటికొచ్చాడు. అబ్బాయి ఆ టైములో బెంగళూరులో ఉన్నాడు.

3. ముట్టుకోకముందు చూడండి

ముక్కు లేదని చిన్నచూపు వద్దు. మన పల్లె దాగలి ఎక్కువగా చదరపు దిమ్మ. అడుగు వైపు సన్నబడి మొద్దులోకి దిగి ఉంటుంది. కర్రులు, గొడ్డళ్లు, కొడవళ్లు అన్నీ దాని మీదే తయారయ్యాయి. ఒక పక్క కోసుగా ముక్కు, ఇంకో పక్క తోక, తోకలో ఒక చదరపు బెజ్జం, ఒక గుండ్రటి బెజ్జం ఉన్నది ఇంగ్లండు నమూనా. రింగులు, వంపులు చేయాలంటే ముక్కు సాయం చేస్తుంది. కత్తులు మాత్రమే చేసేవాళ్లకు దిమ్మే చాలు.

చుట్టూ తిరిగి మూడు విషయాలు చూడండి.

ముక్కు నుంచి తోక దాకా సరిగ్గా మధ్యలో సన్నటి గీత గానీ, దాన్ని గ్రైండరుతో చెరిపిన ఆనవాలు గానీ ఉందా? అది పోత గీత. అచ్చులో పోసి చేసిన దాగలి అని అర్థం. పోత అయినంత మాత్రాన చెడ్డది కాదు. స్వీడన్ దాగళ్లలో పేరున్నవి పోత ఉక్కువే. కానీ ముఖంతో సహా అంతా పోత ఇనుమే అయితే దండగ. ఆ రెండిటి తేడా గోళీ చెబుతుంది.

నడుం దగ్గర, అడుగున చిన్న చదరపు గుంటలు ఉన్నాయా? చాలామంది వాటిని దెబ్బలనుకుని ధర తగ్గించమంటారు. నిజానికి అవి కాల్చి కొట్టి చేసిన దాగలికి గుర్తు. చేసేటప్పుడు కడ్డీ గుచ్చి తిప్పడానికి పెట్టిన గుంటలవి. కనబడితే లోపల సంతోషించండి, బయటికి చూపించకండి.

ముఖం కింద ఒక అరంగుళం లోతులో, పక్కల్లో అడ్డంగా సన్న చీలిక ఉందా? పాత ఇంగ్లండు దాగలికి ఒళ్లంతా మెత్తటి చేత ఇనుము (పోత పోయకుండా కాల్చి కొట్టి చేసిన ఇనుము), పైన మాత్రం ఉక్కు పలక అతికించి ఉంటుంది. ఆ అతుకు విడిపోతుంటే చీలిక కనబడుతుంది. టార్చి పక్కనుంచి వేస్తే తేలిగ్గా దొరుకుతుంది.

కొత్తగా నల్లరంగు వేసి ఉంటే మాత్రం జాగ్రత్త. నా దండగ దాగలి అలాంటిదే. రోడ్డు పక్క ఒకాయన ట్రాలీలో పెట్టుకుని అమ్ముతున్నాడు. నిగనిగలాడే నలుపు, పొడుగాటి ముక్కు. రంగు మీద గోళీ ఏం వేస్తాంలే అనుకుని 8,000 ఇచ్చేశాను. మూడో వారంలో ఒక కడ్డీ వంచుతుంటే ముక్కు టక్కున విరిగి కాలి పక్కన పడింది. విరిగిన చోట బూడిదరంగు, పంచదార పలుకుల్లాంటి రేణువులు. అచ్చమైన పోత ఇనుము. ఆ ముక్కు ఇప్పుడు మా షెడ్డు గేటుకు అడ్డంగా పెట్టుకుంటున్నాం.

4. మొద్దులోంచి పైకి తీయించండి

దిగ్గొట్టి ఉన్న దాగలిని అలాగే చూసి బేరం చేయడం అందరూ చేసే పొరపాటు. కనబడేది సగమే. లోపలి భాగం ఎంత పొడుగో, విరిగి ఉందో, అసలు ఉందో లేదో తెలియదు. మొద్దు పుచ్చి ఉంటే శబ్దం తప్పు చెబుతుంది, గోళీ తక్కువ ఎగురుతుంది. మంచి దాగలినే చెడ్డదని వదిలేసి వస్తారు.

గడ్డపారతో రెండు పక్కలా మార్చి మార్చి కొద్దికొద్దిగా లేపితే వస్తుంది. ముఖం అంచు కింద గడ్డపార పెట్టొద్దు, పెచ్చు లేస్తుంది. తీశాక గట్టి నేల మీద, కుదిరితే బండరాయి మీద గోనెపట్టా ఒక్క మడత వేసి నిలబెట్టండి. ఊగకూడదు. మొద్దులోకి దిగే దిమ్మ అడుగున సన్నగా ఉంటుంది కాబట్టి నిలబడదు. గుంట తీసి, మట్టి దిట్టంగా కూరి, అందులో నిలబెట్టండి.

అమ్మే ఆయన తీయడానికి ఒప్పుకోకపోతే? తీశాక కొనకపోతే మళ్లీ మేమే దిగ్గొట్టి వెళ్తామని చెప్పండి. చెప్పిన మాట నిలబెట్టుకోండి.

5. శబ్దం

కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూస్తాం కదా, ఇదీ అదే. కళ్లద్దాలు పెట్టుకుని, సుత్తిని వదులుగా పట్టుకుని, ముఖం మీద జానెడు ఎత్తు నుంచి పడనివ్వండి. బలంగా కొట్టొద్దు. గట్టి ముఖం మీద గట్టి సుత్తితో ఉత్తినే బాదితే పెచ్చులు లేచి కంట్లో పడతాయి.

ఖంగుమని మోగి, మోత కాసేపు నిలిస్తే మంచి గుర్తు. ఒక చోట మోగి, పక్కనే బొద్దుగా పలికితే ఆ చోట సుద్దతో గుర్తు పెట్టండి, కింద పలక విడిపోయి ఉండవచ్చు. జరజరమని పలికితే ఎక్కడో చీలిక ఉన్నట్టు.

శబ్దాన్ని చూసే తీర్పు చెప్పకండి. పోత ఇనుము ఒంటికి ఉక్కు ముఖం వేసిన మంచి దాగళ్లు అమెరికాలో చేశారు, అవి అసలు మోగవు. పొట్టిగా, బొద్దుగా ఉండే మన దిమ్మలు కూడా గంటలా మోగవు. మోగడం ఒక సాక్ష్యం, అంతే.

6. గోళీ పరీక్ష

ఒంగోలు గిత్తను కొనేవాళ్లు రంగు చూసి డబ్బులివ్వరు. నోరు తెరిచి పళ్లు చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. దాగలికి ఆ నడక ఇదే. మిగతావన్నీ కుదరకపోయినా ఇది మాత్రం వదలొద్దు.

ముందు ముఖాన్ని శుభ్రం చేయండి. వైరు బ్రష్షు, తర్వాత ఎమరీ, తర్వాత డీజిలు గుడ్డ, చివర పొడి గుడ్డ. అంతా రుద్దక్కర్లేదు, అయిదు చోట్ల రూపాయి బిళ్లంత స్థలం తెల్లగా మెరిస్తే చాలు. తుప్పు మీద, నూనె మీద గోళీ వేస్తే అది ఎగరదు. మీరేమో దాగలి మెత్తదనుకుంటారు.

స్కేలును నిలువుగా పట్టుకోండి. సున్నా ముఖాన్ని తాకాలి. గోళీ అడుగు భాగం సరిగ్గా 10 అంగుళాల దగ్గర ఉండేలా పట్టుకుని, తోయకుండా వదలండి. తోడొచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టి, ఫోనును ముఖానికి సరిసమానమైన ఎత్తులో పెట్టి స్లో మోషన్‌లో వీడియో తీయించండి. గోళీ అడుగు ఎన్ని అంగుళాల దాకా లేచిందో తర్వాత నింపాదిగా చూసుకోవచ్చు. 10 అంగుళాలే ఎందుకంటే, లెక్క సులువు: 7 అంగుళాలు లేస్తే నూటికి 70.

నేను చూసే లెక్క ఇది. 8, ఆపైన లేస్తే చాలా మంచిది, బేరం తొందరగా ముగించండి. 7 నుంచి 8 లోపు, జీవితాంతం పనికొస్తుంది. 5 నుంచి 7 లోపు, కాల్చిన ఇనుము కొట్టుకోవడానికి చాలు, ధర తగ్గాలి. 4, అంతకంటే తక్కువ అయితే పోత ఇనుమో, తగలబడిన పాకలోంచి వచ్చిందో. తుక్కు ధరకు మించి ఇవ్వొద్దు.

ఒక్కో చోట మూడు సార్లు వేయండి. మధ్యలో, నడుం మీద ఎక్కువ లేస్తుంది. తోక కొస మీద కాస్త తగ్గడం సహజం, కింద ఆనిక లేదు కదా. కానీ మధ్యలో 8 లేచి, పక్కనే జానెడు దూరంలో 4 లేస్తే అక్కడ పలక ఊడుతున్నట్టు. మీరు సుద్దతో పెట్టిన గుర్తు అక్కడే ఉందేమో చూడండి. రెండూ కలిస్తే ఇంక అనుమానం లేదు.

ఇక్కడ జనం చేసే తప్పులు: ఇంగ్లండు నమూనాలో ముఖానికి, ముక్కుకి మధ్య ఒక చిన్న మెట్టు ఉంటుంది. అది ఉలితో కోయడానికి కావాలనే మెత్తగా ఉంచిన చోటు. అక్కడ గోళీ వేసి "ఇది మెత్తది" అన్నవాళ్లను చూశాను. ముక్కు మీద వేస్తే గోళీ పక్కకు పోతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ముఖం కాస్త వాలుగా ఉన్నా గోళీ వంకరగా ఎగిరి తక్కువ చూపిస్తుంది, కింద రాయిముక్క పెట్టి సరిచేసి మళ్లీ వేయండి.

గోళీ మరిచిపోతే? సుత్తిని రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని పడేయండి. మంచి ముఖం మీద అది దానంతట అదే తిరిగి లేస్తుంది. మెత్తటిదాని మీద పిండిలో పడ్డట్టు ఆగిపోతుంది. అంకె దొరకదు గానీ తీర్పు దొరుకుతుంది.

7. ఇంకా అనుమానం ఉంటే

కొత్త ఆకురాయిని ముఖం అంచు కింద, పక్క గోడ మీద, ఒకసారి గీయండి. జారితే గట్టి ఉక్కు. కరిచి పొడి రాలిస్తే మెత్తది. ముఖం మధ్యలో గీయొద్దు, అమ్మేవాళ్ల మనసు నొచ్చుకుంటుంది.

ఆ ఇంట్లో కరెంటు, మీ దగ్గర చిన్న గ్రైండరు ఉంటే, అడిగి, అడుగు భాగంలో కనబడని చోట ఒక్క సెకను తాకించండి. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, మందమైన ఎరుపులో ఉంటాయి. ఉక్కు రవ్వలు పొడుగ్గా వెళ్లి కొసన కాకరపువ్వొత్తిలా చిట్లుతాయి. చేత ఇనుము రవ్వలు పొడుగు గడ్డిపోచల్లా వెళ్తాయి, పెద్దగా చిట్లవు. గడ్డివామి పక్కన ఈ పరీక్ష చేయకండి.

8. పల్లం, అంచులు

స్కేలును దాని అంచు మీద నిలబెట్టి ముఖం పొడుగునా ఆనించండి. మధ్యలో కింద వెలుతురు కనబడితే అక్కడ పల్లం ఉన్నట్టు. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న దాగలికి రెండు మూడు మిల్లీమీటర్ల పల్లం ఉండటం మామూలే, దాంతో పనికి ఇబ్బంది లేదు. వంకర తీయడానికి ఆ కొద్ది పల్లం పనికొస్తుందనే ముసలివాళ్లు కూడా ఉన్నారు. అయిదు మిల్లీమీటర్లు దాటితే కత్తి లాంటి తిన్నని పని కష్టం.

అంచులు చుట్టూ పెచ్చులు లేచిపోయి ఉన్నాయని టెన్షన్ పడొద్దు. బెత్తెడు పొడుగున మంచి అంచు ఒక్కచోట ఉంటే చాలు. పదునైన అంచు నిజానికి పనిలో గాటు పెడుతుంది, దాన్ని మనమే కొంచెం గుండ్రం చేసుకుంటాం.

ముఖం మీద వెల్డింగ్ మచ్చలుంటే మాత్రం ఆలోచించండి. దాగలిని ముందుగా బాగా వేడి చేయకుండా చల్లటి ఉక్కు మీద వెల్డింగ్ పెడితే పక్కనే వెంట్రుకవాసి చీలికలు పుడతాయి, ఆరు నెలలకు ముక్క లేస్తుంది. నేను స్వయంగా వెల్డింగ్ పనివాణ్ని, అయినా వెల్డింగ్ చేసిన ముఖాన్ని కొనను.

9. తూకం, అంకెల గొడవ

చూపుతో అంచనా వేసిన బరువు ఎప్పుడూ తప్పే. ఊళ్లో వడ్ల వ్యాపారి దగ్గర బస్తాలు తూచే కాటా ఉంటుంది, అక్కడికి తీసుకెళ్లండి. లారీలు తూచే వేబ్రిడ్జి వద్దు, దానికి అయిదు పది కిలోలు లెక్కే కాదు.

ఉత్త దిమ్మ అయితే కొలిచి లెక్కేసుకోవచ్చు. పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, 7.85తో గుణించి, 1000తో భాగిస్తే కిలోలు వస్తాయి. 10, 10, 30 దిమ్మ అంటే 23 కిలోల పైచిలుకు.

ఇంగ్లండు దాగలి నడుం మీద మూడు అంకెలు చెక్కి ఉంటాయి. ఉదాహరణకు 1 2 7. దీన్ని చూసి 127 కిలోలని అమ్మేవాళ్లు నమ్ముతారు, కొనేవాళ్లూ నమ్ముతారు. అది పాత ఇంగ్లీషు తూకం. మొదటి అంకెను 112తో, రెండో దాన్ని 28తో గుణించాలి, మూడోది ఉన్నదున్నట్టు వేసుకోవాలి. అంటే 112, 56, 7 కలిపి 175 పౌన్లు. పౌను 453 గ్రాములకు కాస్త ఎక్కువ కాబట్టి దాదాపు 79 కిలోలు. కిలో లెక్కన బేరం కుదుర్చుకుని ఉంటే 48 కిలోలకు ఉత్తపుణ్యానికి డబ్బు కట్టేవాళ్లు. చెక్కిన లెక్కకు, కాటా లెక్కకు కిలో రెండు కిలోలు తేడా ఉంటే ఫరవాలేదు. ఎక్కువ తేడా ఉంటే ఏదో ముక్క విరిగిపోయిందేమో మళ్లీ చూడండి.

అంకెలు మసకగా ఉంటే సుద్ద రుద్ది చేత్తో తుడవండి, గుంటల్లో సుద్ద నిలిచి చదవడానికి వస్తుంది.

10. ఇది ఎవరి సొత్తు?

దయచేసి ఈ భాగాన్ని దాటేయకండి. గూడూరు, నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా పెద్ద రైలు మార్గం పోతుంది. బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉన్న రైల్వే ఊరు. ఈ లైను 1951 దాకా మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేది. ఆ కంపెనీ పేరు పొడి అక్షరాలున్న పనిముట్లు అప్పుడప్పుడు కంటబడతాయి. వేలంలో కొన్నవైతే కాగితం ఉంటుంది. కాగితం లేదంటే ఎంత మంచిదైనా వదిలేయండి.

రైలు పట్టా ముక్కను దాగలిలా వాడుకోవచ్చని వీడియోల్లో చూపిస్తుంటారు. పనికి బాగానే ఉంటుంది. కానీ 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద, దొంగిలించిందన్న అనుమానం ఉన్న రైల్వే సామాను మీ దగ్గర దొరికి, అది సక్రమంగా వచ్చిందని మీరు చూపించలేకపోతే మొదటిసారికే అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. పాత ఇనుము కొట్టులో కొన్నానంటే సరిపోదు, బిల్లు ఉండాలి. దానికి బదులు పాత మిషన్ల నుంచి తీసిన లావుపాటి షాఫ్టు ముక్కను బిల్లుతో కొనుక్కోండి. అడ్డంగా పడుకోబెట్టకుండా నిలువుగా పాతి, పై కొస మీద కొట్టండి. దెబ్బ కింద బరువంతా ఉంటుంది కాబట్టి చిన్న ముక్కయినా పెద్ద దాగలిలా పనిచేస్తుంది.

11. బేరం

ఆ రోజు పాత ఇనుము కిలో ఎంతో ముందే కనుక్కోండి. అమ్మేవాళ్లకు తుక్కువాడు ఇచ్చే ధర తెలుసు, అంతకు తక్కువకు ఇవ్వరు, ఇవ్వక్కర్లేదు. గోళీ 7 దాటితే నేను తుక్కు ధరకు మూడు నాలుగు రెట్లు దాకా పోతాను. 5, 6 దగ్గర ఆగితే రెండు రెట్లు. తుక్కు కిలో 30 అనుకుందాం, దాగలి 60 కిలోలు. తుక్కుగా 1,800. మంచిదైతే 5,400 నుంచి 7,200. ముక్కు, బెజ్జాలు చెడకుండా ఉన్న ఇంగ్లండు దాగలికి ఇంకొంచెం ఇస్తాను, ఆ మోజు నాది.

వీడియోలోని అంకె చూపించి బేరం చేయండి, వస్తువును తిట్టి చేయకండి. "తుప్పు పట్టిపోయింది, దేనికీ పనికిరాదు" అంటే, పనికిరానిదాని కోసం ఇంత దూరం ఎందుకొచ్చావని అడుగుతారు. నాకు పనిచేసిన మాట ఇది: "ఆచారి గారూ, నేను దీన్ని తుక్కుకు వేయను. కొలిమి దగ్గరే ఉంచుతాను." ఆ మాటకు ధర తగ్గుతుందని చెప్పను గానీ, పాత పటకార్లు, ఒక సమ్మెట కలిపి ఇచ్చిన ఇళ్లు ఉన్నాయి.

డబ్బు ఫోన్‌పే లాంటి దాని ద్వారా ఇస్తే లెక్క మిగులుతుంది. నగదైతే తెల్లకాగితం మీద తారీఖు, బరువు, గుర్తులు, మొత్తం రాసి సంతకం తీసుకోండి. దాగలి పక్కన నిలబడి ఒక ఫొటో దిగండి. పెద్దాయన అమ్మి, కొడుకు తర్వాత వచ్చి "నాకు తెలియకుండా అమ్మారు" అన్న గొడవలు నేను చూశాను. ఇంట్లో అందరికీ తెలుసా అని అక్కడే అడిగేయండి.

12. తెచ్చుకోవడం

మోటారుసైకిలు మీద వద్దు. 40 కిలోలదైనా సరే. మలుపులో బండి ఒరిగితే అది మీ మీదే పడుతుంది. ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. నడుముకు మోకు రెండు చుట్లు వేసి, గట్టి వెదురుబొంగు దూర్చి, ఇద్దరూ కావడిలా మోయండి. వంగి చేతులతో ఎత్తితే నడుం పట్టేస్తుంది. బండిలో పాత టైరు మీద పడుకోబెట్టి, ముక్కు కాబిన్ వైపు రాకుండా తిప్పి, రెండు పక్కలా కట్టండి. సడన్ బ్రేకు వేస్తే జారి ముందుకు దూసుకొస్తుంది.

13. ఇంటికొచ్చాక

తుప్పు తీసి, పల్చగా ఇంజనాయిలు రాయండి. మనది సముద్రపు గాలి, వారం వదిలేస్తే మళ్లీ ఎర్రబడుతుంది. నున్నగా చేయిద్దామని ముఖాన్ని మిషన్ మీద చెక్కించే పని మాత్రం పెట్టుకోకండి. ఉన్న గట్టి పొర మందమే కొద్ది, దాన్ని చెక్కేస్తే కింద మెత్తటి ఇనుము తేలుతుంది. ఇలా పాడుచేసినవి, తుప్పు తిన్నవాటికంటే నేను ఎక్కువ చూశాను.

మొద్దుకు తుమ్మ గానీ చింత గానీ. తాటిమొద్దు వద్దు, పీచు విడిపోతుంది. రెండడుగులు భూమిలో పాతండి. ఎత్తు చూడటానికి తిన్నగా నిలబడి పిడికిలి బిగించి చెయ్యి కిందికి వేలాడేయండి. వేళ్ల కణుపులు ముఖాన్ని తాకితే సరైన ఎత్తు. మన పాత కమ్మర్లు కూర్చుని పనిచేసేవాళ్లు కాబట్టి వాళ్ల మొద్దు నేల మట్టానికి కాస్త పైనే ఉంటుంది. మొద్దు కూడా ఇస్తున్నారు కదా అని తెచ్చుకుని, దాని మీద నిలబడి పనిచేస్తే నెలలో నడుం విరుగుతుంది.

దిగ్గొట్టాక మళ్లీ ఒకసారి గోళీ వేయండి. ఆ ఇంటి దగ్గర వచ్చిన అంకె కంటే బాగా తగ్గితే తప్పు దాగలిది కాదు, మొద్దులో వదులుగా ఉంది. చుట్టూ కర్ర చీలికలు కొట్టి బిగించండి. అంకె తిరిగొచ్చేదాకా బిగించండి.

మోత ఎక్కువై పక్కింటివాళ్లు గొడవకొస్తే, పాడైన స్పీకరులోంచి అయస్కాంతం తీసి తోక కింద అంటించండి. సగం మోత అణుగుతుంది. మిగతా సగానికి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య పని పెట్టుకోకుండా ఉంటే చాలు.